ఇరుగుపొరుగు ఇచ్చిన తీర్పు

మన రాజ్యాంగ నిర్మాతలు ఆదేశిక సూత్రములను ఏ దేశమునుండి గ్రహించిరని అడిగినచో, బడిపిల్లవాడు సైతము ఐర్లండునుండి అని చెప్పును. 1937 నాటి ఆ దేశపు రాజ్యాంగమును చూచియే మనవారు ఆ అధ్యాయమును కూర్చుకొనిరి. తెలుగువారికి ఐర్లండుతో మరియొక బంధము కూడ కలదు. బరంపురమున జన్మించి, అనంతరకాలమున రాష్ట్రపతి పదవి నలంకరించిన శ్రీ వరాహగిరి వెంకటగిరి గారు 1913 మొదలు 1916 వరకు డబ్లిన్ నగరమున న్యాయశాస్త్రము చదివిరి. స్వాతంత్ర్యమునకై పోరాడుచున్న ఆ ప్రజల సాంగత్యము వారి జీవితమున చెరగని ముద్ర వేసెను.

అట్టి దేశము 2015 మే 22వ తేదీన అంతకు ముందు లోకమున ఏ దేశమును చేయని పని యొకటి చేసెను. ఇద్దరు పురుషులు గాని, ఇద్దరు స్త్రీలు గాని చట్టరీత్యా వివాహము చేసికొనవచ్చునా అను ప్రశ్నను ప్రజలందరి ముందుంచి, వారి ఓట్లతోనే ఔననిపించెను. ఆ ఫలితమును గూర్చి లోకమున చాలమంది చాల విధముల వ్రాసిరి. మా దృష్టి ఫలితముకంటె, దానికి ముందు నడచిన చర్చపై నిలిచినది. కొద్దిమంది తమ జీవితమునకు సంబంధించిన ఒక హక్కును, తమవంటివారు కాని లక్షలాది ఇరుగుపొరుగువారిని అడుగవలసి వచ్చినప్పుడు, ఆ అడుగుట ఎట్లు జరిగినది? వినుట ఎట్లు జరిగినది? దానికి ఎవరు ఏమి వెల చెల్లించిరి? ఈ ప్రశ్నలే మా వ్యాసమునకు విషయము. ఈ చర్చలో పెద్దభాగము రేడియోలోను, టెలివిజనులోను సాగినది. కావున రేడియో గల ప్రతి గృహమునకును ఇందు ఆలోచింపదగిన సంగతి కలదు.

ముందుగా, ప్రజల ఓటు ఎందుకు అవసరమైనదో తెలిసికొనవలెను. మన దేశమున రాజ్యాంగమును సవరించు అధికారము పార్లమెంటునకు కలదు. కొన్ని సవరణలకు రాష్ట్ర శాసనసభల ఆమోదము కూడ కావలెను. ఐర్లండులో అట్లు కాదు. అక్కడ పార్లమెంటు ఆమోదించిన సవరణ ప్రజల ఓటుచే ధ్రువపడిననే చెల్లును. ఆ రాజ్యాంగపు 41వ అధికరణము కుటుంబమును గూర్చినది. వివాహ వ్యవస్థను రాజ్యము ప్రత్యేక శ్రద్ధతో కాపాడునని అందు ప్రతిజ్ఞ చేయబడినది. వివాహమనగా స్త్రీ పురుషుల కలయికయే అని అందు స్పష్టముగా వ్రాసియుండలేదు. అయినను, విదేశమున వివాహమాడి వచ్చిన ఇద్దరు స్త్రీలు తమ వివాహమును గుర్తింపుమని కోరగా, 2006లో హైకోర్టు అందుకు నిరాకరించెను. అప్పటినుండి ఈ తలుపు తెరచుటకు ప్రజల ఓటే సరియైన తాళపుచెవి యను అభిప్రాయము బలపడెను.

ఆ ప్రజలు ఎట్టివారు? 2011లో నూటికి ఎనుబదిమందికి పైగా తమను రోమను కాథలిక్కులుగా చెప్పుకొనిరి. 1972 వరకు కాథలిక్ మతసంస్థకు రాజ్యాంగముననే ఒక ప్రత్యేక స్థానము చెప్పబడియుండెను. విడాకులను రాజ్యాంగము నిషేధించియుండెను. ఆ నిషేధమును తొలగింతుమా అని 1986లో అడిగినప్పుడు నూటికి 63 మందికి పైగా వలదనిరి. తిరిగి 1995లో అడిగినప్పుడు నిషేధము తొలగినది గాని, దేశమంతటను పోలైన పదునారు లక్షలకు పైబడిన ఓట్లలో ఆధిక్యము 9,114 మాత్రమే. వివాహ విషయమున ఆ ప్రజలు ఎంత తూచి తూచి అడుగు వేయుదురో ఈ సంఖ్యయే చెప్పుచున్నది.

స్వలింగ ప్రేమికుల స్థితి అంతకంటె కఠినముగా నుండెను. బ్రిటిషువారు 1861లోను, 1885లోను చేసిన చట్టముల ప్రకారము పురుషుల మధ్య అట్టి సంబంధము నేరము. మన దేశమున శిక్షాస్మృతి 377వ సెక్షను ఏ యుగమున, ఏ పాలకుల చేతులలో పుట్టినదో, ఈ చట్టములును ఆ యుగముననే, ఆ చేతులలోనే పుట్టినవి. పాలకులు వెడలిపోయినను చట్టములు మిగిలినవి. 1982లో డబ్లిన్ నగరపు ఫెయిర్‌వ్యూ పార్కులో ఒక యువకుని కొందరు కుర్రవాండ్రు కొట్టి చంపిరి. మరుసటి సంవత్సరము న్యాయస్థానము వారికి విధించిన శిక్షను నిలుపుదల చేసి, వారిని ఇండ్లకు పంపివేసెను. దానిని నిరసించుచు కొన్ని వందలమంది ఆ పార్కుదాక నడచిపోయిరి. తాము ఎవరమో నలుగురిలో చెప్పుకొనుటకు ఐర్లండులో స్వలింగ ప్రేమికులు సాహసించిన తొలి సందర్భములలో అది యొకటి.

ట్రినిటీ కళాశాలలో అధ్యాపకుడైన శ్రీ డేవిడ్ నోరిస్ ఈ చట్టములపై వ్యాజ్యము వేసెను. 1983లో ఐర్లండు సుప్రీం కోర్టు అయిదుగురిలో ముగ్గురు న్యాయమూర్తుల తీర్పుతో దానిని త్రోసిపుచ్చెను. అనంతరము ఆయన పక్షమున వాదించిన న్యాయవాదులలో ఒకరైన శ్రీమతి మేరీ రాబిన్సన్ 1990లో ఆ దేశాధ్యక్షురాలయ్యెను. 1988లో యూరోపు మానవ హక్కుల న్యాయస్థానము నోరిస్ పక్షమున తీర్పు చెప్పెను. 1993లో చట్టము మారెను. 2010లో ‘పౌర భాగస్వామ్యము’ అను పేర స్వలింగ జంటలకు ఆస్తి, వారసత్వము, పన్నులు మున్నగు విషయములలో కొన్ని హక్కులు లభించినవి. కాని అది వివాహము కాదు. సామాన్య శాసనముచే వచ్చినది సామాన్య శాసనముచే పోవచ్చును. రాజ్యాంగము కుటుంబమునకిచ్చు రక్ష దానికి లేదు.

ఈ దశలో ప్రభుత్వము ఒక క్రొత్త పద్ధతిని అవలంబించెను. నూరుగురు సభ్యులతో ఒక రాజ్యాంగ సమావేశమును ఏర్పరచెను. అందు 66 మంది ఓటర్ల నుండి ఎన్నిక చేయబడిన సామాన్య పౌరులు, 33 మంది రాజకీయ ప్రతినిధులు, ఒకరు అధ్యక్షుడు. వీరు వారాంతములలో కూడి, ఉభయ పక్షముల వాదములను, నిపుణుల మాటలను విని, చిన్న చిన్న బల్లల చుట్టు కూర్చుండి తమలో తాము చర్చించుకొనెడివారు. 2013 ఏప్రిలులో నూటికి 79 మంది, స్వలింగ వివాహమునకు అవకాశమిచ్చుటకై రాజ్యాంగమును సవరింపవలెనని అభిప్రాయపడిరి. మన పల్లెలలో రచ్చబండమీద జరుగు మాటల పద్ధతి కొంత ఇందు కనబడుచున్నది. భేదమేమనగా, రచ్చబండమీద ఊరిపెద్దలే కూర్చుందురు. ఇక్కడ ఎవరి వంతు వచ్చునో ముందు తెలియదు.

ఇక ప్రసార సంస్థల విషయమునకు వత్తము. ఐర్లండులో ప్రజాభిప్రాయ సేకరణ సమయమున ప్రభుత్వధనముతో ఒక పక్షమునకు ప్రచారము చేయరాదని సుప్రీం కోర్టు 1995లో నిర్ణయించెను. అదే సంవత్సరము విడాకుల ప్రశ్నపై జాతీయ ప్రసార సంస్థ ఔనను పక్షమునకు సుమారు 42 నిమిషములును, కాదను పక్షమునకు 10 నిమిషములును ఎదురువాదము లేని ప్రసంగముల కొసగెను. పెద్ద పార్టీలన్నియు ఔననుటయే దీనికి కారణము. దీనిపై ఒక పౌరుడు న్యాయస్థానమునకు పోగా, ఇది న్యాయము కాదని 2000 సంవత్సరమున సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. ఎన్నికలలో పార్టీల బలమునుబట్టి కాలము పంచవచ్చును గాని, రాజ్యాంగ ప్రశ్నలో ఉన్నవి రెండే పక్షములు. రెండును సమానమే యని దాని సారాంశము.

వినుటకు సులభముగానున్న ఈ నియమము ఆచరణలో చిక్కులు తెచ్చినది. 2014 నాటి ఒక రేడియో కార్యక్రమమున నిర్వాహకుడు స్వలింగ వివాహము తనకు సమ్మతమని చెప్పగా, దానిపై వచ్చిన ఫిర్యాదును ప్రసారముల నియంత్రణ సంస్థ న్యాయమైనదిగా అంగీకరించెను. ఓటుకు ఇంకను సంవత్సరమునకు పైగా వ్యవధి యుండెను. తన కుటుంబమును గూర్చి మాటలాడుటకు ఒక స్త్రీ వచ్చినప్పుడు, ఆ కుటుంబము ఉండరాదని చెప్పుటకు మరియొకరిని పిలువవలెనా? ఇది ఒక పక్షపు ఆవేదన. దేశమందలి పార్టీలు, పత్రికలు, ప్రముఖులు అందరును ఒక వైపే యున్నప్పుడు, గడియారమైనను మాకు న్యాయము చేయకున్న ఎట్లు? ఇది రెండవ పక్షపు ఆవేదన. రెంటిలోను నిజము లేకపోలేదని మా అభిప్రాయము.

2014 జనవరిలో ఈ వివాదము మరియొక రూపము దాల్చెను. రంగస్థలమున స్త్రీవేషధారిగా ప్రసిద్ధుడైన శ్రీ రోరీ ఓనీల్ ఒక టెలివిజను కార్యక్రమమున, ఒక సంస్థను, కొందరు పత్రికా రచయితలను స్వలింగ ప్రేమికులయెడ ద్వేషభావము కలవారిగా పేర్కొనెను. వారు తమ పేరునకు కళంకము కలిగినదనిరి. ప్రసార సంస్థ క్షమాపణ చెప్పి 85,000 యూరోలు చెల్లించెను. ఒక విధానమును వ్యతిరేకించినంత మాత్రమున ద్వేషి యనిపించుకొనవలెనా అని వారు అడిగిరి. జీవితమంతయు ఆ ద్వేషమును అనుభవించినవారికి దానిని పేరుపెట్టి పిలుచు హక్కు కూడ లేదా అని వీరు అడిగిరి. ఫిబ్రవరి 1న ఓనీల్ డబ్లిన్ ఆబీ నాటకశాల వేదికపై నిలిచి, వీధిలో నడచునప్పుడు సైతము తన్ను తాను గమనించుకొనుచు, తన నడకను మాటను అదుపులో పెట్టుకొను మనిషి బాధ యెట్టిదో చెప్పెను. ఆ ప్రసంగము దేశదేశముల వినబడెను. సంస్థ చెల్లించిన ధనముకంటె ఈ మాటయే జనులకు జ్ఞాపకమున నిలిచినది.

2015 జనవరి 18, ఆదివారము. ఆ ఉదయమున జాతీయ రేడియోలో ఒక సంభాషణ ప్రసారమయ్యెను. మాటలాడినవారు ఆరోగ్యశాఖ మంత్రి శ్రీ లియో వరాడ్కర్. తండ్రి ముంబయినుండి వెళ్ళిన వైద్యుడు. తల్లి ఐర్లండు నర్సు. ఆనాడు ఆయనకు 36వ జన్మదినము. తాను స్వలింగ ప్రేమికుడనని ఆయన ఆ సంభాషణలో చెప్పెను. అది తన స్వభావమున ఒక భాగమే గాని సర్వస్వము కాదనియు, రానున్న ఓటు విషయమున తనకేదో రహస్యోద్దేశము కలదని ఎవరును అనుకొనరాదనియు ఆయన భావము. ఆ దేశ మంత్రులలో అట్లు చెప్పినవారు అంతకు ముందు లేరు. వంటయింట ఉపాహారము సిద్ధపరచుకొనుచు వినినవారు ఎందరో. రేడియోలో ముఖము కనబడదు, గొంతు మాత్రమే వినబడును. ఆ గొంతు తడబడిన చోటు, నిలకడగానున్న చోటు శ్రోతకు తెలిసిపోవును. 2017లో ఆయనయే ప్రధానమంత్రి యయ్యెను.

ఓటుకు వారము రోజుల ముందు శ్రీమతి ఉర్సులా హాలిగన్ ఒక దినపత్రికలో తన కథ వ్రాసెను. ఆమె ఒక టెలివిజను సంస్థకు రాజకీయ విభాగపు సంపాదకురాలు, భక్తురాలైన కాథలిక్కు. పదునేడేండ్ల వయస్సున తోటి విద్యార్థినిపై కలిగిన ప్రేమను ఎవరికిని చెప్పుకొనలేక, దశాబ్దములపాటు మౌనముగా గడపిన వైనమును ఆమె వివరించెను. ఒక పక్షము వహించినందున, నియమముల ప్రకారము ఆమె ఆ ఓటుకు సంబంధించిన వార్తలనుండి తప్పుకొనవలసి వచ్చెను. ఇక్కడ మా మనస్సు ఒక క్షణము ఆగుచున్నది. తన జీవితము నిజమని చెప్పుట ఒక రాజకీయ పక్షము వహించుట ఎట్లయినది? కాని ప్రశ్న ఓటుపెట్టెలోనికి పోయిన తరువాత, జీవితమే ఒక పక్షమగును. ఇట్టి పద్ధతికి చెల్లింపవలసిన వెలలలో ఇది మొదటిది.

కాదను పక్షమువారి వాదములను కూడ న్యాయముగా చెప్పవలెను. వివాహము అనాదిగా స్త్రీ పురుషుల కలయిక; సంతానమునకు ఆశ్రయము; పుట్టిన ప్రతి బిడ్డకు తల్లియు, తండ్రియు ఉండవలెను; కుటుంబ మను మాటకు రాజ్యాంగముననే అర్థము మార్చినచో, దత్తత, అద్దెగర్భము మున్నగు విషయములలో రేపు శాసనసభ చేతులు కట్టివేయబడును; పౌర భాగస్వామ్యము ఉండనే యున్నది; మతవిశ్వాసముగల వర్తకులకు, ఉపాధ్యాయులకు తమ మనస్సాక్షి ప్రకారము నడచుకొను స్వేచ్ఛ తగ్గును. ఇవి వారి ప్రధాన వాదములు. బిషప్పులు 2014 డిసెంబరులో వివాహార్థమును గూర్చి ఒక లేఖను ప్రకటించి ప్రార్థనాలయములలో పంచిపెట్టిరి. డబ్లిన్ ఆర్చిబిషప్పు శ్రీ డైర్మిడ్ మార్టిన్ తాను కాదనియే ఓటు వేయుదునని చెప్పుచునే, వాదములో పరుషవాక్యములు వలదని తమవారికి హితవు పలికెను. స్వలింగ ప్రేమికులలోనే కొందరు కాదను పక్షమున నిలిచి వాదించిరి. మతగురువులలో కొందరు ఔనను పక్షమునకు బహిరంగముగా మద్దతు తెలిపిరి. గీత ఇంటికిని ఇంటికిని మధ్య కాక, ఇండ్ల లోపల గీయబడియుండెను.

పిల్లలను గూర్చిన ప్రశ్నను ఈ ఓటునుండి వేరుచేయుటకు ప్రభుత్వము ఓటుకు ముందే కుటుంబ సంబంధముల శాసనమును ఆమోదింపజేసెను. న్యాయమూర్తి అధ్యక్షతన ఏర్పడిన స్వతంత్ర రిఫరెండం కమిషను ఇంటింటికి ఒక కరపత్రము పంపి, ఈ సవరణచే ఏమి మారునో, ఏమి మారదో సులభమైన మాటలతో చెప్పెను. ఏ పక్షమునకును ఓటు వేయుమని అడుగుట దాని పని కాదు. చర్చలో ఉద్రేకము ఎక్కువైనప్పుడు, ఎవరికిని చెందని ఒక గొంతు విషయమును మాత్రము చెప్పుట ఎంత మేలో దీనివలన తెలియుచున్నది.

భాషాభిమానులైన మన పాఠకులకు రుచించు సంగతి యొకటి ఇక్కడ కలదు. ఐర్లండు రాజ్యాంగము ఐరిష్, ఆంగ్ల భాషలు రెంటిలోను ఉన్నది. రెంటికిని భేదము వచ్చినచో ఐరిష్ పాఠమే ప్రమాణము. సవరణ మొదటి ఐరిష్ పాఠమున ‘ఇద్దరు, వారు పురుషులైనను స్త్రీలైనను’ అను అర్థమిచ్చు మాటలుండెను. దీనిని అక్షరార్థముగా తీసికొన్నచో ఇద్దరు పురుషులకు, ఇద్దరు స్త్రీలకు మాత్రమే వివాహమని అర్థము వచ్చునని ఒకరు ఆక్షేపించిరి. ప్రభుత్వము తొలుత అంగీకరింపకపోయినను, 2015 మార్చిలో ఆ మాటలను మార్చి ‘లింగముతో నిమిత్తము లేకుండ’ అను భావము వచ్చునట్లు వ్రాసెను. దైనందిన వ్యవహారమున ఐరిష్ మాటలాడువారు ఆ దేశమున కొద్దిమందియే. అయినను, రాజ్యాంగమున మాతృభాషకు అగ్రస్థానమిచ్చినచో, ఒక్క పదము కొరకు ఒక ప్రభుత్వము వెనుకకు తగ్గవలసి వచ్చును.

చర్చ రేడియోతోను, పత్రికలతోను ఆగలేదు. వేలకొలది కార్యకర్తలు సాయంవేళల ఇంటింటికి నడచిరి. వారిలో చాలమంది తమ స్వంత వివాహము కొరకే అడుగువారు. ఒక తలుపు తెరచినవారు కౌగిలించుకొనెడివారు. మరియొకరు తలుపు ముఖముననే వేసెడివారు. తాను పుట్టి పెరిగిన వీధిలో, చిన్నప్పటినుండి ఎరిగిన పొరుగింటివారి గడప ముందు నిలిచి, మీకు సమ్మతమైనచో నేను వివాహము చేసికొందునని చెప్పవలసి వచ్చుట సామాన్యమైన పని కాదు. దీపస్తంభములకు వ్రేలాడిన ప్రకటనలలో తల్లియు తండ్రియు ఉండవలెనను మాటలు చదువుకొనుచు బడికి పోయిన పిల్లలలో, ఇద్దరు తల్లులు పెంచుచున్న పిల్లలును ఉండిరి. భర్తలేని తల్లి ఒక్కతియే పెంచుచున్నవారును ఉండిరి. ఇది ఆ పద్ధతికి చెల్లించిన రెండవ వెల.

దేశాధ్యక్షపదవి 1997 నుండి 2011 వరకు నిర్వహించిన శ్రీమతి మేరీ మెకలీస్ ఓటుకు మూడు దినములముందు తన కుమారుడు స్వలింగ ప్రేమికుడని పేర్కొనుచు, ఔనని ఓటు వేయుదునని ప్రకటించెను. ఆమె భక్తురాలు, కాథలిక్ మతశాసనములను చదివిన పండితురాలు. ఇట్లు పెద్దల ఇండ్లనుండియు, పేదల ఇండ్లనుండియు ఒకే విధమైన వార్త వెలువడుచుండగా, అట్టివారెవరును మాకు తెలియరని అంతవరకు అనుకొన్న జనులు, తెలిసినవారే యని గ్రహించిరి. మేము ఈ చర్చనంతయు పరిశీలించి గ్రహించిన ముఖ్యవిషయ మిదియే. అక్కడ తర్కములు రెండు వైపులను సమానముగనే ప్రయోగింపబడినవి. గడియారము చూచి సమానముగనే పంచబడినవి. త్రాసు మొగ్గినది తర్కముచే కాదు, పరిచయముచే.

ఓటుకు ముందురోజు మధ్యాహ్నము రెండు గంటలకు రేడియోలలోను, టెలివిజనులలోను ఈ చర్చ నిలిచిపోయెను. అది ఆనాటి నియమము. ఇక దేశము ఆలోచించుకొనవలసిన సమయము. ఐర్లండులో ప్రవాసులకు తపాలా ఓటు లేదు. దేశము విడిచి పదునెనిమిది నెలలు మించినచో ఓటుహక్కు కూడ నిలువదు. హక్కు మిగిలియున్న యువతీయువకులు లండన్‌నుండి, అంతకంటె దూరదేశములనుండి ఓడలలో, విమానములలో స్వస్థలములకు వచ్చిరి. ఓటు వేయుటకై హైదరాబాదునుండి బస్సులలో క్రిక్కిరిసి ఊళ్ళకు పోవువారిని ఎరిగిన మనకు ఈ దృశ్యము క్రొత్త కాదు.

మే 23న ఫలితము తెలిసెను. ఔననినవారు 12,01,607, కాదనినవారు 7,34,300. ఓటర్లలో నూటికి 60 మందికి పైగా ఓటు వేసిరి. నూటికి 62 మంది ఔననిరి. 43 నియోజకవర్గములలో కాదనినది ఒక్క రాస్‌కామన్–దక్షిణ లీట్రిం మాత్రమే. అదే దినమున, అదే పెట్టెలలో ప్రజలు మరియొక ప్రశ్నకు కూడ సమాధానమిచ్చిరి. అధ్యక్ష పదవికి అభ్యర్థి కనీస వయస్సును 35 ఏండ్లనుండి 21 ఏండ్లకు తగ్గింతుమా అని అడుగగా, నూటికి 73 మంది వలదనిరి. అనగా, ప్రభుత్వము అడిగినదానికెల్ల తలయూపిన ప్రజలు కారు. 2024 మార్చిలో కుటుంబ నిర్వచనమును విస్తరింపజూచిన మరియొక సవరణను వారే పెద్ద ఆధిక్యముతో త్రోసిపుచ్చిరి. అప్పుడును పెద్ద పార్టీలన్నియు ఔననినవే.

ఓడిన పక్షపు నాయకుడు, లెక్కింపు ముగియకముందే గెలిచినవారికి అభినందనలు తెలిపెను. ఆర్చిబిషప్పు మార్టిన్ మతసంస్థ వాస్తవమును చూడవలసియున్నదనెను. ఫలితముపై వేసిన వ్యాజ్యములను న్యాయస్థానములు త్రోసిపుచ్చినవి. ఆగస్టు 29న దేశాధ్యక్షుని సంతకముతో సవరణ రాజ్యాంగమున చేరెను. గెలిచినవారి సంతోషముకంటె ఓడినవారి అంగీకారమే ప్రజాస్వామ్యమునకు బలము. తమకు మాటలాడు అవకాశము సమానముగా దొరకినదను తృప్తి లేనిచో ఆ అంగీకారము దుర్లభము. ప్రసార సంస్థలను విసిగించిన ఆ గడియారపు నియమము చేసిన మేలు ఇదియేమో.

అయితే ఐర్లండు కథను చూచి, హక్కులనెల్ల ఓటుకు పెట్టుట మేలని నిర్ణయింపరాదు. 2013 డిసెంబరులో క్రొయేషియా ప్రజలు నూటికి 65 మందికి పైగా, వివాహమనగా స్త్రీ పురుషులదే యని రాజ్యాంగమున వ్రాసిరి. అయితే ఆ దినమున ఓటర్లలో నూటికి 40 మంది కూడ ఓటు వేయలేదు. 2015 డిసెంబరులో స్లొవేనియా ప్రజలు పార్లమెంటు చేసిన చట్టమును ఓటుతో త్రోసివేసిరి. 2022లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఆ హక్కును తిరిగి ఇచ్చెను. ఆస్ట్రేలియా 2017లో తపాలా ద్వారా జనాభిప్రాయము సేకరించగా నూటికి 61 మందికి పైగా ఔననిరి. డిసెంబరులో పార్లమెంటు చట్టము చేసెను. ఆ చట్టము చేయుటకు జనాభిప్రాయము అడుగవలసిన నిర్బంధమే అక్కడ లేదు. అడుగకనే చేయగల పనికి మమ్ము ఇంటింట చర్చకు పెట్టనేల అని అక్కడి స్వలింగ ప్రేమికులలో పెక్కురు బాధపడిరి. అల్పసంఖ్యాకుల హక్కును అధికసంఖ్యాకులు కొలుచుట న్యాయమా అను ప్రశ్న గెలుపుచే తీరునది కాదు. ఓటమిచే తీరునదియు కాదు.

మన దేశమున ఈ ప్రశ్న వేరొక దారిన నడచినది. 2018 సెప్టెంబరులో సుప్రీం కోర్టు, వయస్సు వచ్చినవారి ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధము నేరము కాదని తీర్పు చెప్పెను. తదుపరి వివాహపు హక్కును కోరుచు న్యాయస్థానమునకు పోయినవారిలో హైదరాబాదు నివాసులైన ఒక జంట కూడ ఉండెను. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, అట్టి వివాహమును ప్రాథమిక హక్కుగా ప్రకటింపజాలమనియు, అది శాసనకర్తలు చూడవలసిన విషయమనియు చెప్పెను. మన రాజ్యాంగమున దేశవ్యాప్తమైన ప్రజాభిప్రాయ సేకరణకు తావులేదు. కావున మన వీధులలో అట్టి ప్రశ్నతో కార్యకర్తలు తలుపు తట్టబోరు.

అయినను తలుపు తట్టకపోయినంత మాత్రమున ప్రశ్న లేకపోదు. చట్టము ఎట్లుండవలెనను విషయమున పాఠకులు తమ తమ వివేకముచే నిర్ణయించుకొందురు. అది మేము చెప్పవలసిన పని కాదు. ఐర్లండు చర్చనుండి మేము గ్రహించినది మాత్రము విన్నవించుచున్నాము. ఆ దేశమున ఎందరో తల్లిదండ్రులు, తమ బిడ్డ సంగతి తమకు తెలిసియుండలేదని ఓటు వచ్చిన తరువాతనే తెలిసికొనిరి. బిడ్డ చెప్పలేదు గనుక వారికి తెలియదు. వారు ఏమందురో అని బిడ్డ చెప్పలేదు. ఆ మౌనమును విప్పుటకు ఒక దేశమంతయు ఓటు వేయవలసి వచ్చెను. ఇంటిలోని వారి మాట వినుటకు మాత్రము ఏ రాజ్యాంగ సవరణయు అవసరము లేదు. రేడియోలో అపరిచితుని గొంతును అంత శ్రద్ధతో వినగల మనము, ప్రక్క గదిలోని గొంతును కూడ అంత శ్రద్ధతోనే వినగలమని మా విశ్వాసము.